రాజులు తాగిన బోరు నీళ్లు

మా పాప పుట్టిన పదహారో రోజు పొద్దున్నే అమ్మ నన్నూ నాన్ననీ ఇంట్లోంచి బయటికి పంపేసింది. "మీరిద్దరూ కాసేపు ఎటన్నా పోండి, కాళ్లకి అడ్డం" అంది. అడ్డమే మరి. ఫ్రాంక్‌ఫర్ట్‌లో, రోడెల్‌హైమ్ పేటలో రెండు గదుల ఇల్లు మాది. ఒక గదిలో బాలింత, ఇంకో గదిలో సోఫా మీద నాన్న, వంటింట్లో ఎప్పుడూ కాగుతూ ఉండే వేణ్ణీళ్లు. పిల్లకి సాంబ్రాణి పొగ వేస్తే ఇంటి కప్పుకి ఉన్న అలారం మోగుతుందని దానికి ప్లాస్టిక్ కవరు కట్టాను. ఆ కవరు ఎప్పుడు ఊడుతుందోనని టెన్షన్‌తో రోజూ కిందే నిలబడేవాణ్ణి.

2012 జూన్ అది. పురుడు పోయడానికి అమ్మ వచ్చింది. అమ్మ వచ్చింది కాబట్టి నాన్న వచ్చాడు. అమ్మకి చేతినిండా పని. నాన్నకి ఏమీ లేదు. కనిగిరి వైపు పల్లెల్లో ముప్ఫై ఏళ్లు తిరిగిన మనిషి ఆయన. గ్రామీణ నీటి సరఫరాలో వర్క్ ఇన్‌స్పెక్టర్. చేతిపంపులు, బోర్లు, ఓవర్‌హెడ్ ట్యాంకులు, బ్లీచింగ్ పౌడరు, ఇవే ఆయన లోకం. మా ఇంటికొచ్చిన మొదటి రోజే వంటింటి కొళాయి తిప్పి, దోసిట్లో పట్టి, నోట్లో పోసుకుని కాసేపు పుక్కిలించి, మింగి, "సున్నం ఎక్కువుంది" అన్నాడు. కెటిల్ అడుగున తెల్లగా పేరుకున్న పొర నేను రెండేళ్లుగా చూస్తూనే ఉన్నాను. ఆయనకి ఒక్క గుక్క చాలింది.

ఎక్కడికి తీసుకెళ్లాలో నాకు తోచలేదు. నాన్నకి మోకాళ్ల నొప్పులు. మ్యూజియం అంటే మెట్లు, కొండ అంటే ఎక్కడం, సిటీ అంటే నిలబడటం. మా స్టేషన్ నుంచి ఎస్-ఫైవ్ రైలు ఎక్కితే పావుగంటలో బాద్ హోంబుర్గ్. ఆఫీసు వాళ్లతో ఒకసారి వెళ్లాను. అడుగడుక్కీ బెంచీలుంటాయని గుర్తు. అదొక్కటే కారణం. చరిత్ర మీద ప్రేమతో వెళ్లామని చెప్పను.

రైల్లో నాన్న పేరు అడిగాడు. చెప్పాను.

"బాదా? అదేంది, హైదరాబాదుకి వెనకుంటది, వీళ్లకి ముందుందే?"

జర్మన్‌లో బాద్ అంటే స్నానం అని చెప్పాను. ఔషధ జలాలు లాంటివి ఉన్న ఊళ్లకే ఆ బిరుదు పెట్టుకోనిస్తారు. హోంబుర్గ్‌కి 1912లో వచ్చింది. అంటే మేం వెళ్లిన ఏడుకి సరిగ్గా నూరేళ్లు. ఔషధ జలాలు అన్న మాట వినగానే నాన్న కిటికీ వైపు నుంచి నా వైపు తిరిగి కూర్చున్నాడు. ఇంట్లో పదహారు రోజుల్లో నేనెప్పుడూ చూడని చురుకు కళ్లల్లో కనిపించింది.

స్టేషన్ 1907 నాటిది. గడియారం గోపురంతో, ఊరి స్థాయికి కాస్త ఎక్కువే అనిపిస్తుంది. పక్కనే రాజుల కోసం విడిగా కట్టిన స్టేషన్ భవనం కూడా ఉంది. జర్మన్ చక్రవర్తి రెండో విల్హెల్మ్‌కి ఇక్కడి కోట వేసవి విడిది. ఆయన రైలు దిగి మామూలు జనంలో నడిచి వెళ్లడు కదా. నాన్న ఆ రెండు కట్టడాలనీ చూసి, "మన దగ్గర మంత్రి వస్తే ఒక్క రోజుకి షామియానా వేస్తారు, వీళ్లు ఏకంగా స్టేషనే కట్టారు" అన్నాడు. మొదటి బెంచీ స్టేషన్ బయటే. రైలు దిగిన ఐదు నిమిషాలకే కూర్చున్నాం.

ఆ రోజు మొత్తం పదకొండు బెంచీల మీద కూర్చున్నాం. నేను లెక్కపెట్టాను. మొదట విసుగుతో లెక్కపెట్టాను, ఆ సంగతి దాచుకోవడం ఎందుకు. స్టేషన్ నుంచి కోటకి నేరుగా నడిస్తే ఇరవై నిమిషాలు. పార్కు చుట్టి వెళ్లినా గంటన్నర. మాకు ఆరు గంటలు పట్టింది.

పార్కులోకి అడుగు పెట్టగానే లిండెన్ పూల వాసన. మన వేపపూత వాసనలో కాస్త తేనె కలిపినట్టుంటుంది. బెర్లిన్ వైపు ఎన్నో రాజోద్యానాలు తీర్చిదిద్దిన లెనె అనే తోటల నిపుణుడు 1850ల్లో ఈ పార్కుకి రూపం గీశాడు. నలభై హెక్టార్లకి పైనే. నలభై హెక్టార్లంటే నాన్నకి ఎక్కలేదు. దాదాపు వంద ఎకరాలు అంటే ఆగిపోయాడు. "వందెకరాలు ఖాళీగా వదిలేశారా, నడవడానికి?"

నడవడానికే. ఈ ఊరి వైద్యమే అది. పొద్దున్నే లేచి, గ్లాసు చేత్తో పట్టుకుని ఒక ఊట దగ్గర కొంచెం నీళ్లు తాగి, చెట్ల కింద నెమ్మదిగా నడిచి, ఇంకో ఊట దగ్గర మళ్లీ కొంచెం తాగి, మళ్లీ నడిచి. మధ్యలో బ్యాండు మేళం. పరిగెత్తకూడదు, వాదించకూడదు, ఎక్కువ తినకూడదు. మూడు నాలుగు వారాలు ఇలా చేస్తే ఏ నీళ్లు తాగినా ఒళ్లు బాగుపడుతుందని నా అనుమానం.

దారి పొడుగునా ఊటలే. ఒక్కోదానికి ఒక్కో రాణి పేరో, రాజు పేరో. అన్నిటికంటే పేరున్నది ఎలిజబెత్ ఊట, 1834లో కనిపెట్టారు. గుండ్రంగా స్తంభాల మండపం, మధ్యలో ఆరోగ్య దేవత విగ్రహం, కింద కొళాయి. లీబిగ్ అనే పెద్ద రసాయన శాస్త్రవేత్త ఈ నీళ్లని పరీక్షించి ఏమేమున్నాయో చెప్పాడు, ఆ తర్వాతే ఊరి పేరు యూరప్ అంతా పాకింది. ఇది చెప్పినప్పుడు నాన్న ముఖం చూడాలి. "శాంపిల్ తీసి, పరీక్ష చేయించి, రిపోర్టు వచ్చాకే జనానికి ఇచ్చారన్నమాట. పద్ధతి" అన్నాడు. చక్రవర్తి స్టేషన్‌కి ఇవ్వని గౌరవం ఆ రసాయన శాస్త్రవేత్తకి ఇచ్చాడు.

చేతికర్ర నాకిచ్చి, కొళాయి కింద దోసిలి పట్టాడు. మా వంటింట్లో చేసినట్టే. నోట్లో పోసుకున్నాడు. పుక్కిలించాడు. కళ్లు మూసుకున్నాడు. నేను పక్కన నిలబడి ఏదో తీర్థం గురించి చెప్పబోతున్నాడనుకున్నాను.

"అబ్బాయా, ఇది మనూరి బోరు."

నేనూ తాగాను. నాలుక మీద మొదట చిన్న చుర్రుమని గ్యాసు, వెంటనే ఉప్పు, చివర్లో పాత మేకు చప్పరించినట్టు ఇనుము. ఆ గ్యాసు ఒక్కటి తీసేస్తే మా ఊరి గుడి వెనక చేతిపంపు నీళ్లే. నాకు పదేళ్లప్పుడు ఆ పంపు వేశారు. ఊరంతా చుట్టూ చేరి కొబ్బరికాయ కొట్టారు. నీళ్లు రాగానే మొదటి చెంబు నాన్న తాగి, ఏమీ అనకుండా చెంబు కింద పెట్టేశాడు. ఆ తర్వాత ఆ పంపు గిన్నెలు తోముకోడానికీ, గేదెలకీ. తాగే నీళ్లకి అమ్మ మళ్లీ రెండు బిందెలతో చెరువుకే. మా వైపు మంచినీళ్లంటే శుభ్రమైన నీళ్లు అని కాదు, ఉప్పగా లేని నీళ్లు అని అర్థం.

"క్లోరైడు వెయ్యి దాటుంటది" అన్నాడు నాన్న పెదాలు తుడుచుకుంటూ. మన లెక్కల ప్రకారం లీటరుకి 250 మిల్లీగ్రాముల లోపు ఉంటే మంచిది, వేరే నీళ్లు లేకపోతే వెయ్యి దాకా సర్దుకోవచ్చు. ఇనుము అప్పటి లెక్కల్లో 0.3 దాటకూడదు. "ఈ కొళాయి మన దగ్గరుంటే ఎర్ర రంగు కొట్టి, తాగరాదు అని రాయించేవాణ్ణి."

కాసేపాగి, "ఫ్లోరైడు లేకపోతే చాల్లే" అన్నాడు, ఎవరితోనో అన్నట్టు.

ఆ మాట ఊరికే రాలేదు. కనిగిరి అంటే మా జిల్లాలో అందరికీ తెలిసిందే. లీటరుకి ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడు నీళ్లు ఏళ్ల తరబడి తాగితే ముందు పళ్లు గార పడతాయి, తర్వాత కీళ్లు బిగుస్తాయి. నాన్న పళ్ల మీద ఆ గోధుమ రంగు చారలు నేను పుట్టినప్పటి నుంచీ చూస్తున్నాను. మోకాళ్ల సంగతి డాక్టరు వయసు అన్నాడు, నాన్న నీళ్లు అంటాడు. ఇద్దరిదీ నిజమే కావచ్చు. ఆ మోకాళ్లతోనే ఆయన ఇప్పుడు, మోకాళ్లు బాగుపడతాయని రాజులొచ్చి తాగిన నీళ్ల ముందు నిలబడి ఉన్నాడు. నాకు నవ్వాలో వద్దో తెలియలేదు. ఆయనే ముందు నవ్వాడు. "రాజులకి ఇంట్లో మంచినీళ్లున్నాయి, అందుకని ఇవి మందయినయ్."

సంచిలోంచి ఖాళీ నీళ్ల సీసా తీసి నింపుకున్నాడు. ఎందుకంటే, "మీ అమ్మకి" అన్నాడు.

నాలుగో బెంచీ మీద పులిహోర తిన్నాం. అమ్మ స్టీలు డబ్బాలో పెట్టిచ్చింది. చెంచాలు మర్చిపోయాం, చేత్తోనే తిన్నాం. పక్కన ఒక జర్మన్ ముసలావిడ వచ్చి కూర్చుంది. ఎనభై ఉంటాయి. తెల్లటి జుట్టు చక్కగా దువ్వుకుని, చేతికర్ర బెంచీకి ఆనించి. నాన్న కర్ర కూడా పక్కనే ఉంది. ఆవిడ రెండు కర్రలనీ చూసి, నాన్న మోకాలు చూపించి, తన మోకాలు తట్టుకుంది. నాన్న రెండు వేళ్లు చూపించాడు, రెండూ అని. ఆవిడ తన కుడి మోకాలి మీద నిలువుగా గీత గీసి, కత్తెర వేళ్లు ఆడించింది. ఆపరేషన్ అయిందన్నమాట. తర్వాత లేచి, కర్ర లేకుండా నాలుగడుగులు వేసి చూపించి వెనక్కి వచ్చి కూర్చుంది. నాన్న చప్పట్లు కొట్టాడు. నేను జర్మన్‌లో ఏదో చెప్పబోతే ఇద్దరూ నన్ను పట్టించుకోలేదు. నాన్న డబ్బా చాపితే ఆవిడ ఒక్క పల్లీ తీసుకుంది. కారం తగిలి కళ్లు పెద్దవి చేసి, ఇంకో పల్లీ తీసుకుంది.

ఆ బెంచీ మీద గంట గడిచిపోయింది. బెంచీలు విసుగుతో లెక్కపెట్టడం నేను అక్కడే మానేశాననుకుంటా.

అక్కడి నుంచి కొంచెం ముందుకి పోతే చెట్ల మధ్య ఒక్కసారిగా బంగారు రంగు మెరుస్తుంది. సూదిగా పైకి లేచిన కప్పులు, ఎరుపూ పచ్చా అద్దకాలు. ఇది సయాం, అంటే ఇప్పటి థాయ్‌లాండ్, రాజు చులలోంగ్‌కోర్న్ ఇచ్చింది. 1907లో ఆయన ఇక్కడికి వైద్యానికి వచ్చాడు. కుదుటపడ్డాక కృతజ్ఞతగా ఊరికి ఈ మండపం కానుకగా ఇచ్చాడు. ముక్కలుగా సయాం నుంచి వచ్చి ఇక్కడ నిలబడేసరికి 1914 అయింది. ఆ రాజు 1910లోనే పోయాడు.

నాన్న దూరం నుంచే బూట్లు విప్పబోయాడు. ఆ మోకాళ్లతో వంగి లేసులు విప్పడమంటే చిన్న పని కాదు. ఊరివాళ్లు దీన్ని సయాం గుడి అంటారు గానీ ఇది గుడి కాదు, లోపల దేవుడు లేడు, థాయ్ భాషలో సాలా అంటారు, దారిన పోయేవాళ్లు కూర్చునే చోటు అని చెప్పాను.

"ఓస్, చావడి" అన్నాడు, లేసు మళ్లీ కట్టుకుంటూ.

సరిగ్గా చావడే. సాలా అన్న మాట మన శాల నుంచి వెళ్లిందే. ఒక తూర్పు దేశపు రాజు, నీళ్లు తాగి ఒళ్లు బాగుపడితే, పడమటి ఊరికి చావడి కట్టించాడు. మన వైపూ మొక్కు తీరితే బావి తవ్వించేవాళ్లు, సత్రం కట్టించేవాళ్లు. ఆ రాజు చేసిన పని నాన్నకి నా వివరణ అవసరం లేకుండానే అర్థమైంది. పార్కులో రష్యన్ చర్చి కూడా ఉంది, 1896లో శంకుస్థాపనకి జార్ నికొలాస్ వచ్చాడు. అది నాన్న బెంచీ మీంచే చూసి, గోపురం బాగుందన్నాడు. అంతే.

క్యాసినో దగ్గర మాత్రం ఆగాం. లోపలికి వెళ్లలేదు. కోటు లేకపోతే రానివ్వరేమోనని నాకు భయం, వస్తే నాన్న ఏమంటాడోనని ఇంకా భయం. బయట నిలబడే కథ చెప్పాను. ఫ్రాన్స్ నుంచి బ్లాంక్ అనే కవల సోదరులు 1841లో ఇక్కడ జూదశాల తెరిచారు. రూలెట్ అనే జూదపు చక్రం మీద బంతి సున్నా దగ్గర ఆగితే పందెం డబ్బు సాధారణంగా జూదశాలదే. చక్రం మీద రెండు సున్నాలుండే రోజుల్లో వీళ్లు ఒక్క సున్నానే పెట్టారు. జూదశాలకి వచ్చే లాభం తగ్గుతుంది, ఆడేవాడికి ఆశ పెరుగుతుంది. యూరప్ అంతా ఇక్కడికి విరగబడింది. ఆ అన్నదమ్ముల్లో ఒకడు తర్వాత మాంటె కార్లో వెళ్లి అక్కడ ఇంతకంటే పెద్దది నడిపాడు. ఇక్కడిది 1872 చివర్లో ప్రభుత్వం మూయించింది, మళ్లీ తెరిచింది 1949లో. రష్యన్ రచయిత దొస్తోయెవ్‌స్కీ ఇక్కడ ఆడి, ఓడి, డబ్బు పంపమని భార్యకి ఉత్తరాలు రాశాడు. క్యాసినో పక్క వీధి పేరు కిసెలెఫ్ వీధి. ఆవిడ ఒక రష్యన్ కౌంటెస్, రూలెట్ బల్ల దగ్గరే జీవితం గడిపిన మనిషి.

"పోగొట్టుకున్నావిడ పేరు వీధికి పెట్టారా?" నాన్న కాసేపు ఆలోచించాడు. "మన దగ్గర పేకాటలో పొలాలు పోగొట్టుకున్నవాళ్ల పేర్లు పెడితే ఊళ్లో వీధులు చాలవు."

నాకైతే ఈ ఊరి గుట్టు అక్కడే తెలిసినట్టనిపించింది. నీళ్లు ఒక సాకు. డాక్టరు చెప్పాడు, హోంబుర్గ్ వెళ్తున్నా అని ఇంట్లో చెప్పొచ్చు. పొద్దున గ్లాసెడు ఉప్పు నీళ్లు, సాయంత్రం రూలెట్. పార్కుకీ, పాటకచేరీ హాలుకీ డబ్బు కురిపించింది పేకముక్కలే. నాన్న ఒప్పుకోలేదు. "నీళ్లు లేకపోతే ముందసలు వచ్చేవాళ్లా?" అన్నాడు. ముప్ఫై ఏళ్ల ఉద్యోగం మాట్లాడుతోంది, వాదించి లాభం లేదు.

లూయిజెన్ వీధి ఊరి పెద్ద బజారు. కార్లు రావు. నాన్న రెండు ఉండల వెనిలా ఐస్‌క్రీం తిన్నాడు, షుగరు సంగతి అమ్మకి చెప్పొద్దన్నాడు. ఒక దుకాణం అద్దంలో అంచులు పైకి మడిచిన, నడిమధ్య సొట్ట ఉన్న టోపీ చూపించాను. దాని పేరే హోంబుర్గ్. ఇంగ్లండు యువరాజు, తర్వాత ఏడో ఎడ్వర్డ్ అయినాయన, ఇక్కడికొచ్చి ఈ టోపీ పెట్టుకుని వెళ్లాడు, అంతే, లోకమంతా పెట్టుకుంది. "పాత ఫొటోల్లో ప్లీడర్ల నెత్తిన ఉండేది ఇదే" అన్నాడు నాన్న.

కోట చేరేసరికి సాయంత్రం నాలుగు. జూన్ కాబట్టి ఎండ ఇంకా నడినెత్తినే ఉన్నట్టుంది. కోట అంటే నాన్న కొండవీడు లాంటిది ఊహించుకున్నాడు. ఇది పసుపు గోడల రాజభవనం, వాకిట్లో తెల్లటి ఒంటరి బురుజు. బురుజు ఎత్తు 48 మీటర్లు. మధ్యయుగాల పాత కోటలో మిగిలింది అదొక్కటే. మిగతాదంతా 1680 నుంచి రెండో ఫ్రీడ్రిష్ అనే దొర కట్టించుకున్నాడు. బురుజు ఎక్కొచ్చు. నాన్న తల పైకెత్తి చూసి, "మన ట్యాంకులు దీంట్లో మూడో వంతుంటయ్యేమో" అని బెంచీ వెతుక్కున్నాడు. తొమ్మిదోది.

లోపల మెట్లు, గైడు వెంట గంటసేపు నడక. వెళ్లలేదు. ముందుసారి నేను చూసిందే ఆ బెంచీ మీద కూర్చుని చెప్పాను. ఆ ఫ్రీడ్రిష్ కుర్రతనంలో స్వీడన్ సైన్యంలో చేరాడు. 1659లో కోపెన్‌హాగెన్ ముట్టడిలో గుండు తగిలి ఒక కాలు కింది భాగం పోయింది. కర్రతో కాలు చేయించుకున్నాడు, దానికి వెండి బిగింపులు. వెండికాలి ఫ్రీడ్రిష్ అని పేరు పడింది. ఆ కాలితోనే 1675లో ఫెర్‌బెలీన్ యుద్ధంలో గుర్రపు దళాన్ని నడిపాడు. మూడు పెళ్లిళ్లు చేసుకున్నాడు. ఫ్రాన్స్‌లో మతం పేరుతో తరిమేసిన కుటుంబాలని తెచ్చి తన నేల మీద ఊళ్లు కట్టించి పెట్టాడు. మేమెక్కిన రైలు ఆఖరి స్టేషన్ ఫ్రీడ్రిష్‌డోర్ఫ్, ఆయన పేరు మీదున్నదే. ఇందాక ఐస్‌క్రీం తిన్న వీధి పేరు ఆయన రెండో భార్యది.

నాన్న తన మోకాళ్ల వైపు చూసుకున్నాడు. "కాలు పోయింతర్వాతేనా ఇదంతా కట్టించింది?"

"అవును నాన్నా. ఇరవై ఏళ్ల తర్వాత."

"ఆ ముసలావిడ కూడా చేయించుకుంది" అన్నాడు. అమ్మా, నేనూ మూడేళ్లుగా ఆపరేషన్ గురించి చెబుతుంటే వినని మనిషి. నేను మాట పెంచలేదు.

కోట వెనక తోట. అసలు ఆ రోజు మొత్తంలో నాకు బాగా గుర్తుండిపోయిన చోటు ఇదే. పైన తీర్చి కత్తిరించిన పూల మడులు. గోడ దిగితే కింద ఇంగ్లీషు పద్ధతిలో అడవిలాగా వదిలేసినట్టుండే తోట, చెరువు, బాతులు. పైతోటలో లెబనాన్ దేవదారు. కొమ్మలు అంతస్తులంతస్తులుగా చాపి, ఎవరో చాపలు పరిచినట్టు. రెండు వందల ఏళ్ల చెట్టు. నాటించింది ఇంగ్లండు నుంచి కోడలిగా వచ్చిన ఎలిజబెత్ కాలంలో. ఇందాక మేం తాగిన ఊటకి ఆవిడ పేరే. మూడో జార్జి రాజు కూతురు. తండ్రి మతిస్థిమితం తప్పిన ఇంట్లో, తల్లి కొంగు పట్టుకునే ఉండిపోయి, 1818లో నలభై ఏడేళ్లకి పెళ్లి చేసుకుని ఈ చిన్న సంస్థానానికి వచ్చింది. కట్నంగా తెచ్చిన ఇంగ్లీషు డబ్బుతో కోట బాగుచేయించింది, తోటలు వేయించింది. పదకొండేళ్లకే భర్త పోయాడు. మన సర్కారు జిల్లాలు కంపెనీ చేతికి పోయింది వాళ్ల నాన్న హయాంలోనే. కట్నం డబ్బులో మన శిస్తు ఎంత కలిసిందో అని నేను సరదాగా అన్నాను. నాన్న వినలేదు. నలభై ఏడు దగ్గరే ఆగిపోయాడు.

"నలభై ఏడేళ్లకి కొత్త ఊరొచ్చి చెట్లు నాటిందా? ఎవరు చూస్తారనుకుని?"

నేను జవాబు చెప్పలేదు. మేమిద్దరం ఆ చెట్టు నీడలోనే కూర్చుని ఉన్నాం. పదో బెంచీ.

ఆ కోటలో గ్రంథాలయం చూసుకోడానికి 1804లో హోల్డర్లిన్ అనే కవిని పెట్టారు. అప్పటికే ఆయన మనసు సరిగా లేదు. ఒక స్నేహితుడు తన జేబులోంచి జీతం కట్టి ఆ ఉద్యోగం ఇప్పించాడు, ఆ సంగతి కవికి భారం కాకుండా. రెండేళ్లకి ఆయన్ని ఇక్కడి నుంచి తీసుకెళ్లిపోయారు. ఈ కథ చెప్పేసరికి నాన్న నిద్రలోకి జారుకున్నాడు. గడ్డం ఛాతీకి ఆని, రెండు చేతులూ కర్ర మీద. ఒళ్లో సంచి, సంచిలో సీసా.

నేను లేపలేదు. నా ఫోన్లో చార్జింగ్ అయిపోయింది. చెరువు మీద బాతులు ఒక దరి నుంచి ఇంకో దరికి పోయి మళ్లీ వచ్చేవి. నాకు గుర్తున్నంతలో నా చిన్నప్పుడు నాన్న నిద్రపోతుంటే చూసింది లేదు. ఆయన మేం లేవకముందే మోటారుసైకిల్ మీద వెళ్లిపోయేవాడు, ఎక్కడో పంపు రాడ్లు తెగిపోయాయనో, ఎండాకాలం ట్యాంకర్లు రాలేదనో. అర్ధరాత్రి వచ్చేవాడు. ఊళ్లో అందరి నీళ్లూ ఆయనకి కావాలి, మా ఇంట్లో బిందెలు మాత్రం అమ్మ మోసేది. ఆ కోపం నాకు చాలా ఏళ్లుంది. ఆ బెంచీ మీద ముప్పావుగంట ఆయన గురక వింటూ కూర్చున్నప్పుడు కూడా కొంచెం ఉంది. అయినా ఎండ ఆయన ముఖం మీదికి వస్తుంటే జరిగి అడ్డంగా కూర్చున్నాను.

పదకొండో బెంచీ ప్లాట్‌ఫాం మీద. రైలు ఆలస్యం.

ఇంటికొచ్చేసరికి ఎనిమిదైంది. అమ్మ పిల్లని కాళ్ల మీద వేసుకుని నిద్రపుచ్చుతోంది. నాన్న బూట్లయినా విప్పకుండా సీసా తీసి గ్లాసులో పోసి ఇచ్చాడు. "తాగు. జార్ చక్రవర్తులు వచ్చిన ఊరి నీళ్లు."

అమ్మ ఒక్క గుక్క తాగింది. గ్లాసు పక్కన పెట్టింది.

"వీటితో పప్పుడకదు" అంది.

మిగిలింది తులసి కుండీలో పోయబోతే నాన్న అరిచాడు, ఉప్పుకి చస్తుందని. సీసా వంటింటి కిటికీ దగ్గర అలాగే ఉండిపోయింది.

మూడేళ్ల తర్వాత ఒంగోలులో నాన్న రెండు మోకాళ్లూ మార్పించుకున్నాడు. ఆస్పత్రిలో తన దగ్గరికి వచ్చిన ప్రతివాడికీ వెండికాలి దొర కథ చెప్పాడట. చెప్పిన ప్రతిసారీ యుద్ధాలు ఒకటో రెండో పెరిగేవని అమ్మ అంటుంది.

హోంబుర్గ్ వెళ్లొచ్చిన మర్నాడు పొద్దున నేను కాఫీకని వంటింట్లోకి వెళ్తే, నాన్న అప్పటికే లేచి కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. సీసాని ఎండకి ఎదురుగా పైకెత్తి పట్టుకున్నాడు. నిన్న అద్దంలా తేటగా ఉన్న నీళ్లు. అడుగున సన్నగా, ఇటుకపొడి రాల్చినట్టు ఎర్రటి మడ్డి పేరుకుంది. గాలి తగిలితే ఇనుము అలా దిగుతుంది. గుడి వెనక పంపు నీళ్లు బిందెలో రాత్రంతా ఉంచితే పొద్దునకి అడుగున ఇదే రంగు.

"చూశావా?" అన్నాడు నాన్న. సీసాని నెమ్మదిగా పక్కకి వంచాడు. ఎర్రపొడి కదిలి, పొగలాగా లేచి, మళ్లీ కిందికి దిగడం మొదలుపెట్టింది. ఇద్దరం అది పూర్తిగా దిగేదాకా చూస్తూ నిలబడ్డాం.